స్కాన్‌లో రాయి కనబడింది... పిత్తాశయం తీయించుకోవాలా?

ఈ నెల మా వైద్య సలహాల శీర్షికకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి: గాల్ బ్లాడర్‌లో, అంటే పిత్తాశయంలో రాళ్లు. కొందరికి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్న సందేహం. కొందరు చేయించుకుని ఇంటికొచ్చాక ఏం తినాలో, ఎప్పుడు పనిలోకి పోవాలో తెలియక రాశారు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దీనికే కేటాయించాం.

ముందుగా నాలుగు మాటలు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, పిత్తాశయంలో కాదు. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం ఊరుస్తుంది. దాని కింద కుడి పక్కటెముకల చాటున వేలాడే చిన్న సంచి పిత్తాశయం. అందులో పట్టేది 30 నుంచి 50 మి.లీ. మాత్రమే. ఆ రసాన్ని చిక్కబరిచి దాచిపెట్టుకుని, మనం నూనె, నెయ్యి ఉన్న తిండి తిన్నప్పుడు ముడుచుకుని పేగులోకి వదులుతుంది. సంచి తీసేసినా రసం ఊరడం ఆగదు, నేరుగా పేగులోకి కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. కింది జవాబులన్నింటికీ ఇదే ఆధారం.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. హెల్త్ చెకప్ చేయిస్తే స్కాన్‌లో 8 మి.మీ. రాళ్లు రెండు కనిపించాయి. నొప్పి ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడు గ్యాస్, తేన్పులు ఉంటాయి. 'ఆలస్యం చేస్తే సంచి పగిలిపోతుంది, వెంటనే తీసేయాలి' అన్నారు. భయంగా ఉంది.
– ఒక గృహిణి, కావలి

జవాబు: భయపడకండమ్మా. మీరు రాసినంత వరకు చూస్తే మీకిప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు.

నొప్పి లేకుండా రాళ్లు మాత్రమే ఉన్నవాళ్లు వందమంది ఉంటే, ఏడాదికి వాళ్లలో ఇద్దరికో ముగ్గురికో నొప్పి మొదలవుతుంది. మిగిలినవాళ్లలో చాలామంది ఆ రాళ్లతోనే జీవితమంతా హాయిగా గడిపేస్తారు. నొప్పి మొదలైన వాళ్లలో కూడా చాలామందికి మొదట వచ్చేది మామూలు పిత్తాశయ నొప్పే. అంటే శరీరం ముందుగా హెచ్చరించి, ఆలోచించుకునే సమయం ఇస్తుంది. ఏ సూచనా లేకుండా సంచి పగలడం చాలా అరుదు. మత్తు మందుకు, ఆపరేషన్‌కు కూడా వాటి ప్రమాదం వాటికి ఉంటుంది కాబట్టి, బాధపెట్టని రాయి కోసం ఆ ప్రమాదం నెత్తికెత్తుకోవడం మాకు సమ్మతం కాదు.

ఇక గ్యాస్ సంగతి. కడుపు ఉబ్బరం, తేన్పులు, గుండెల్లో మంట, తిన్నది అరగనట్టు ఉండటం... ఇవి రాయి వల్లే అని చెప్పడానికి లేదు. రాళ్లు లేనివాళ్లకూ ఇవే బాధలు. ఆపరేషన్ అయ్యాక 'గ్యాస్ అలాగే ఉంది' అని నిరుత్సాహపడేవాళ్లలో ఎక్కువమంది ఈ కోవకు చెందినవాళ్లే. అసలైన పిత్తాశయ నొప్పి తీరు వేరు. బొడ్డుకు పైన నడిమధ్యనో, కుడి డొక్క కిందనో పట్టేస్తుంది. అరగంట నుంచి నాలుగైదు గంటలు వదలదు. కుడి భుజం రెక్క కిందికో వీపుకో పాకుతుంది. తేన్పు వచ్చినా, విరేచనమైనా, అటూ ఇటూ పొర్లినా తగ్గదు. నూనె ఎక్కువైన భోజనం తర్వాత రాత్రిపూట రావడం మామూలు. ఇలాంటిది ఒక్కసారి వచ్చినా సర్జన్‌ను కలవండి.

నొప్పి లేకపోయినా తీయించుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. రాయి 3 సెం.మీ. దాటి ఉన్నా, సంచి గోడలో సున్నం పేరుకుని పెంకులా మారినా, 10 మి.మీ. లేదా అంతకు మించిన పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఉన్నా, గోడ ఒకేచోట మందంగా ఉండి అనుమానం కలిగించినా, సికిల్ సెల్ లాంటి రక్తకణాలు విరిగిపోయే జబ్బు ఉన్నా డాక్టర్లు సలహా మార్చుకుంటారు. కాబట్టి మీ రిపోర్టులో రాయి సైజు ఒక్కటే చూడకండి. 'వాల్ థిక్‌నెస్' ఎంత ఉందో (3 మి.మీ. లోపు మామూలు), 'సీబీడీ' అంటే పైత్యరస నాళం వెడల్పు ఎంత ఉందో (6 మి.మీ. లోపు మామూలు) చూడండి. స్కాన్‌కు ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. టిఫిన్ తిని వెళితే సంచి ముడుచుకుపోయి గోడ లేనిపోని మందంగా కనిపిస్తుంది. మీకు గోడ మందం అని రాసి ఉంటే, ఆ రోజు పొద్దున ఏమైనా తిన్నారేమో గుర్తు చేసుకోండి.

మరో మాట. సైజు పెద్దదైతేనే ప్రమాదం అనుకుంటారు. నిజానికి 5 మి.మీ. లోపు చిన్న రాళ్లే సన్నటి నాళంలోకి జారి కామెర్లు, క్లోమగ్రంథి (ప్యాంక్రియాస్) వాపు తెచ్చిపెడతాయి. అలాగని నొప్పి లేని చిన్న రాళ్లన్నింటికీ ఆపరేషన్ అని కాదు, రిపోర్టులో సైజు చూసి గుండెలు బాదుకోవద్దని చెప్పడానికే ఇది. ఇంకా ఒకటి: రాళ్లున్నాయి కదా అని గబగబా బరువు తగ్గే ప్రయత్నం చేయకండి. వారానికి కిలోన్నర కంటే వేగంగా తగ్గితే కొత్త రాళ్లు పుట్టే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: పొగాకు రైతును, వయసు 51. నాలుగు నెలల్లో మూడుసార్లు రాత్రిపూట రొమ్ము కింద పట్టేసి గంటల తరబడి వదల్లేదు. స్కాన్‌లో చిన్న రాళ్లు చాలా ఉన్నాయన్నారు. పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే బ్యారన్ పని ఇంకా ఆరు వారాలుంది, కూలీలకు అడ్వాన్సులు ఇచ్చేశాను. సీజన్ అయ్యాక చేయించుకుంటే ఏమైనా అవుతుందా?
– ఒక రైతు, కొండపి

జవాబు: పై ఉత్తరం రాసినావిడ పరిస్థితి వేరు, మీ పరిస్థితి వేరు. మూడుసార్లు నొప్పి తెచ్చిన రాళ్లు ఇక ఊరుకునేవి కావు. మీకు ఆపరేషన్ కావాలి. ఎప్పుడన్నదే ప్రశ్న.

ముందు ఒక పని చేయండి. యాభై దాటిన మగవాళ్లకు రొమ్ము కింద పట్టేసే నొప్పి గుండెది కూడా కావచ్చు. ఈసీజీ తీయించండి. దాంతోపాటు లివర్ ఫంక్షన్ టెస్టు, క్లోమగ్రంథి వాపును చూపే లైపేజ్ పరీక్ష చేయించండి. గుండెకు ఇబ్బంది లేకుండా, కామెర్లను చూపే బిలిరుబిన్ మామూలుగా ఉండి, సీబీడీ వెడల్పు కాకుండా, జ్వరం లేకుండా ఉంటే ఆరు వారాలు ఆగడం చాలామందికి సాధ్యమే. అయితే ఒక షరతు: సర్జన్‌ను ఈ వారమే కలిసి తేదీ రాయించుకోండి. 'సీజన్ అయ్యాక చూద్దాం' అనుకుంటే వేలం, ఆ తర్వాత దుక్కులు, ఇలా ఏడాది గడిచిపోతుంది. మీవి చిన్న రాళ్లు కాబట్టి ఏడాది ఆగడం మాత్రం వద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, చల్లగా ఉన్న పిత్తాశయాన్ని తీయడం వేరు, వాచి చీము పట్టినదాన్ని తీయడం వేరు. వాచినప్పుడు చుట్టూ ఉన్న కొవ్వు, పేగు దానికి అంటుకుపోతాయి. కోయాల్సిన సన్న నాళం ఏదో, కోయకూడని పెద్ద నాళం ఏదో గుర్తుపట్టడం కష్టమవుతుంది. కెమెరాతో మొదలుపెట్టిన ఆపరేషన్ పొట్ట కోసి పూర్తి చేయాల్సి రావడం ఇలాంటప్పుడే ఎక్కువ.

ఈ ఆరు వారాలూ జాగ్రత్తలివి. పూటపూటా కొద్దిగా, వేళకు తినండి. బ్యారన్ దగ్గర పనిలోపడి పొద్దుపోయేదాకా ఖాళీ కడుపుతో ఉండి, రాత్రి ఒక్కసారిగా మాంసం కూర, వేపుళ్లతో భోంచేయడమే నొప్పిని పిలిచినట్టు. ఎక్కువసేపు తినకపోతే సంచిలో రసం నిలవ ఉండి చిక్కబడుతుంది, ఆ వెంటనే కొవ్వు తగలగానే సంచి గట్టిగా ముడుచుకుని రాయిని సంచి మెడ దగ్గర ఇరికిస్తుంది. చుట్టలు, సిగరెట్లు తాగే అలవాటుంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానండి. అలా చేస్తే ఊపిరితిత్తుల పనిలో, కుట్లు మానడంలో చాలా తేడా కనిపిస్తుంది. నొప్పి వస్తే గ్యాస్ బిళ్లలు పనిచేయవు. డైక్లోఫెనాక్ లాంటి మందు బాగా పనిచేస్తుంది గానీ కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. అందుకే ఎంత మోతాదో మీ డాక్టర్ చేత ఇప్పుడే చీటీ రాయించుకుని ఉంచుకోండి.

వీటిలో ఏది కనిపించినా బ్యారన్ మంట సంగతి వేరేవాళ్లకు అప్పగించి 108కి ఫోన్ చేయండి: ఐదారు గంటలు దాటినా వదలని నొప్పి, చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం, విరేచనం సున్నంలా తెల్లబడటం, నొప్పి నేరుగా వీపులోకి దిగి ఆగకుండా వాంతులవడం. కామెర్లు, చలిజ్వరం, నొప్పి మూడూ కలిసి వస్తే నాళంలో రాయి అడ్డుపడి చీము పట్టిందని అర్థం. అది గంటల లెక్కన ముదిరే జబ్బు. పసరు పోయించుకునే వ్యవధి దానికి ఉండదు.

ఒకవేళ వాపు వచ్చి ఆసుపత్రిలో చేరితే, 'చల్లబడ్డాక చేద్దాం' అని పంపేయడం పాత పద్ధతి. ఇప్పుడు నొప్పి మొదలైన మూడు రోజుల్లో, బాగా ఆలస్యమైతే వారం లోపు చేసేయడమే మేలని తేలింది. ఆ గడువు దాటితే సాధారణంగా ఆరు వారాలు ఆగి చేస్తారు.

ప్రశ్న: మావైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్లే ఈ రాళ్లా? కొండపిండి ఆకు, అరటి దూట రసం తాగితే కరుగుతాయంటున్నారు. ఆలివ్ ఆయిల్, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ రాళ్లు పడిపోయాయని ఒక బంధువు చూపించాడు.
– ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. పిత్తాశయ రాళ్లకు అది కారణం కాదు. ఇక్కడ రెండు రకాల రాళ్లు కలగాపులగం అయిపోతున్నాయి. కిడ్నీలో రాయి ఎక్కువగా కాల్షియం లవణాలతో తయారవుతుంది, చిన్నదైతే మూత్రంలో పడిపోతుంది, బాగా నీళ్లు తాగితే మేలు. పిత్తాశయంలో రాయి కొలెస్టరాల్‌తోనో, పైత్యరసంలోని రంగు పదార్థంతోనో తయారవుతుంది. మూత్రంలోకి వచ్చే దారే దానికి లేదు. కొండపిండి, అరటి దూట, ఉలవచారు... ఇవన్నీ మనవాళ్లు కిడ్నీ రాళ్లకు చెప్పే చిట్కాలు. పిత్తాశయానికి వాటితో పని లేదు.

మీ బంధువు చూపించినవి రాళ్లు కావు. అంత నూనె ఒక్కసారిగా తాగితే కడుపులో నిమ్మరసంతో, జీర్ణరసాలతో కలిసి సబ్బులాంటి ముద్దలు కడుతుంది. అవే ఆకుపచ్చగా విరేచనంలో పడతాయి. తర్వాత స్కాన్ తీస్తే అసలు రాళ్లు ఉన్నచోటే ఉంటాయి. పైగా అంత నూనెకు సంచి గట్టిగా ముడుచుకుని రాయిని నాళంలోకి తోయవచ్చు. దయచేసి ఎవరితోనూ చేయించకండి.

కరిగించే మందు ఒకటి నిజంగానే ఉంది, ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్. సున్నం పట్టని చిన్న కొలెస్టరాల్ రాళ్లకే, అదీ ఆరు నెలల నుంచి రెండేళ్లు వాడితేనే పనిచేస్తుంది. మానేశాక ఐదేళ్లలో దాదాపు సగంమందికి రాళ్లు మళ్లీ వస్తాయి. ఆపరేషన్‌కు శరీరం తట్టుకోలేని వాళ్లకు తప్ప దాన్ని మేం సిఫారసు చేయం.

ప్రశ్న: రాళ్లు మాత్రం తీసి సంచిని ఉంచకూడదా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఉంచితే రాళ్లు మళ్లీ పుడతాయి. రాళ్లను పుట్టించేది ఆ సంచిలో జరిగే మార్పులే. గోడ సరిగా ముడుచుకోకపోవడం, రసం నిలవ ఉండిపోవడం అన్నమాట. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి పిత్తాశయం తీసినప్పుడు చెప్పిన తర్కమూ ఇదే: రాళ్లున్నాయని కాదు, రాళ్లను పుట్టిస్తోంది కాబట్టి తీయాలి.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతోంది. నొప్పి వచ్చి చూపిస్తే లాప్రోస్కోపీ (కెమెరాతో చేసే ఆపరేషన్) చేయాలన్నారు. సర్జన్‌ను ఏమేం అడగాలి? ఏ మాత్రలు ఆపాలి?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: మాత్రల సంగతి ముందు. ఏదీ మీరుగా ఆపకండి. రక్తం పల్చబడే మాత్రల్లో క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా ఆపరేషన్‌కు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్‌ను చాలావరకు కొనసాగిస్తారు. కానీ అమ్మగారికి స్టెంట్ ఉంది కాబట్టి ఆ మాట గుండె డాక్టర్ కాగితం మీద రాసివ్వాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఉంటే మూడు రోజుల ముందే ఆపాలి. అవి వాడుతూ ఉపవాసం ఉంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది. ఇది చాలామంది చెప్పడం మరిచిపోతారు, అందుకే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లి మత్తు డాక్టర్‌కు చూపించండి. మరో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపరేషన్ రోజు పొద్దున వేసుకోరు. బీపీ మాత్రల్లో కొన్ని గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి, టెల్మిసార్టాన్ లాంటివి ఆ పూటకు ఆపమంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8 లోపు ఉంటే పుండు మానడానికి మంచిది. నొప్పి తరచూ రాకపోతే ఆ అంకె తగ్గేదాకా కొన్ని వారాలు ఆగవచ్చు.

ఘన పదార్థాలు ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు ఆపాలి, నూనె వంటలైతే ఎనిమిది గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. ముందురోజు రాత్రి నుంచి నీళ్లు కూడా ఇవ్వకుండా ముసలివాళ్లను ఎండబెట్టాల్సిన పని లేదు. షుగర్ వల్ల కడుపు నెమ్మదిగా కదిలేవాళ్లకు మాత్రం మత్తు డాక్టర్ వేరే లెక్క చెబుతారు.

ఆపరేషన్ ఇలా జరుగుతుంది. పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర సుమారు 10 మి.మీ. గాటు పెట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మరో మూడు చిన్న గాట్లలోంచి పనిముట్లు పంపుతారు. సంచికి వెళ్లే సన్న నాళానికి, రక్తనాళానికి క్లిప్పులు వేసి కోసి, సంచిని బొడ్డు దగ్గరి గాటులోంచి బయటికి తీస్తారు. సాధారణంగా గంట, గంటన్నర. ఆ క్లిప్పులు లోపలే ఉండిపోతాయి, సాధారణంగా టైటానియంవి కాబట్టి తర్వాత ఎంఆర్ఐ తీయించుకోవడానికి అడ్డు రావు.

సర్జన్‌ను అడగాల్సినవి: లివర్ టెస్టులో బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎలా ఉన్నాయి? నాళంలో రాయి లేదని నమ్మకమేనా? అనుమానం ఉంటే ముందు ఎంఆర్‌సీపీ (పైత్యరస నాళాలను చూపే ఎంఆర్ఐ) స్కాన్ చేస్తారు. రాయి కనిపిస్తే చాలాచోట్ల ముందుగా నోట్లోంచి గొట్టం పంపి ఈఆర్‌సీపీతో తీస్తారు. ఇవి మీకు దగ్గర్లోని ఆసుపత్రిలో ఉన్నాయా, నెల్లూరుకో చెన్నైకో పోవాలా అన్నది ముందే తెలుసుకోండి. రెండోది: లోపల అంటుకుపోయి ఉంటే ఏం చేస్తారు? 'పొట్ట కోయాల్సి రావచ్చు, లేదా సంచిలో కొంత భాగం వదిలేసి సురక్షితంగా బయటపడతాం' అని చెప్పే సర్జన్‌ను నమ్మండి. పైత్యరస నాళానికి గాయం కావడం వెయ్యిమందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి జరిగేది, కానీ జరిగితే చాలా కష్టం. పొట్ట కోయడం ఓటమి కాదు, ఆ గాయం కాకుండా కాపాడే జాగ్రత్త.

మూడోది అందరూ మరిచిపోయేది. ఆపరేషన్ అయ్యాక రాళ్లు సీసాలో వేసి ఇస్తారు, ఇంట్లోవాళ్లు ఫోటోలు తీసుకుంటారు. రాళ్లు తీసుకోండి, ఫరవాలేదు. సంచిని మాత్రం ఫార్మలిన్‌లో వేసి బయాప్సీకి పంపమని అడగండి. అరుదుగా అందులో క్యాన్సర్ దాగి ఉంటుంది, అది పైకి కనబడకపోవచ్చు. పది రోజుల తర్వాత ఆ రిపోర్టు అడిగి తెచ్చుకునే బాధ్యత మీదే.

ఖర్చు విషయానికి, ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సర్జరీ విభాగాలున్నాయి. ప్రైవేటులో అయితే చేరకముందే అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ వైద్య పథకం) కౌంటర్‌లో కార్డు, ఆధార్, స్కాన్ రిపోర్టు చూపించి, మీ ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి వస్తుందో లేదో అడగండి. చేరి డబ్బు కట్టాక అడిగితే ఉపయోగం ఉండదు.

ప్రశ్న: ఆపరేషన్ అయి మూడో రోజు. కడుపుకంటే కుడి భుజమే ఎక్కువ నొప్పిగా ఉంది. స్నానం ఎప్పుడు చేయాలి? మా అత్తయ్య పప్పు తింటే చీము పడుతుందని కారప్పొడి అన్నమే పెడుతోంది.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: భుజానికి ఏమీ కాలేదు. పొట్టలో నింపిన గ్యాస్ కొంత మిగిలి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరను రేపుతుంది. ఆ పొరకు, భుజానికి నరాలు మెడలో ఒకేచోట మొదలవుతాయి కాబట్టి మెదడు భుజం నొప్పి అనుకుంటుంది. రెండు మూడు రోజుల్లో, కొందరికి వారంలో పోతుంది. గంటకోసారి ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, భుజానికి గోరువెచ్చటి కాపడం పెట్టండి. పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు, రోజుకు నాలుగు దాటొద్దు. దగ్గు వచ్చినా, మంచం మీద నుంచి లేచినా పొట్టకు దిండు అదిమి పట్టుకోండి. లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, చేతి ఊతతో లేవండి.

స్నానం 48 గంటల తర్వాత చేయవచ్చు. చెంబుతో పోసుకుని, గాట్ల దగ్గర రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. పెన్నాలో మునగడం, మైపాడు సముద్ర స్నానం మూడు వారాల దాకా వద్దు. గాట్ల మీద పసుపు, కొబ్బరి నూనె రాయకండి. బొడ్డు గాటు అన్నింటికంటే ఆలస్యంగా మానుతుంది, ఒకట్రెండు చుక్కలు పల్చటి పసుపు నీరు రావడం మామూలే. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉండి చీము వస్తే మామూలు కాదు. కరిగే కుట్లు కాకపోతే ఏడు నుంచి పది రోజుల్లో తీస్తారు.

అత్తయ్యగారికి మీ మీద ఉన్న ప్రేమను కాదనలేం. కానీ పప్పుకు చీముకు ఏ సంబంధమూ లేదు. పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి, అవి పప్పులో, గుడ్డులో, చేపలో ఉన్నాయి. పెసరపప్పు కట్టుతో మొదలుపెట్టించండి.

ఇంటికొచ్చాక వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు: 101 డిగ్రీలు దాటిన జ్వరం, రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరిగే పొట్ట నొప్పి, పొట్ట ఉబ్బి వాంతులు, కళ్లు పచ్చబడటం, గాటు నుంచి ఆకుపచ్చ రసం కారడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. పైత్యరసం లోపల కారుతుంటే మొదటి వారంలోనే బయటపడుతుంది. 'ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉంటుందిలే' అని ఆ రోజుల్లో సర్దుకుపోవద్దు.

ప్రశ్న: ఇక జీవితంలో చేపల పులుసు, కారం దోసె తినకూడదా? నెయ్యి, నూనె పూర్తిగా మానాలంటున్నారు.
– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: జీవితాంతం మానాలన్నది తప్పు. నెలా రెండు నెలల ఓపిక చాలు. పూర్తిగా నూనె లేకుండా తినడమూ మంచిది కాదు, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు ఉండాలి.

సంచి ఉన్నప్పుడు కొవ్వు రాగానే గుప్పెడు రసం ఒక్కసారి పడేది. ఇప్పుడు అది బొట్టుబొట్టుగా, వేళాపాళా లేకుండా జారుతోంది. అంటే కొద్ది నూనెకు సరిపోతుంది, ఒకేసారి గరిటెడు నూనెకు చాలదు. అరగని కొవ్వు పెద్దపేగుకు చేరి ఉబ్బరం, విరేచనాలు తెస్తుంది. కాబట్టి రోజు మొత్తంలో ఎంత నూనె అన్నదానికంటే ఒక్కో పూటకు ఎంత అన్నది ముఖ్యం.

ఆపరేషన్ రోజు సాయంత్రం డాక్టర్ అనుమతితో నీళ్లు, పల్చటి మజ్జిగ. మర్నాడు ఇడ్లీ, రాగి జావ, మెత్తటి అన్నంలో చారు. మొదటి రెండు వారాలు రోజుకు నూనె అంతా కలిపి మూడు నాలుగు టీస్పూన్లు, అంటే 15 నుంచి 20 మి.లీ. దాన్ని మూడు పూటలకు పంచండి. మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్న భోజనాలు. వెన్న తీసిన పాల పెరుగు, బీరకాయ, సొరకాయ, పెసరపప్పు, గుడ్డు తెల్లసొన. ఇంట్లో ఎవరెంత నూనె వాడుతున్నారో తెలియాలంటే రోజుకు సరిపడా నూనె పొద్దున్నే చిన్న గిన్నెలో కొలిచి పెట్టుకోండి, పొయ్యి దగ్గర సీసా ఉంటే లెక్క ఉండదు.

చేపలు నాలుగైదు రోజులకే మొదలుపెట్టవచ్చు. కొర్రమేను లాంటి కొవ్వు తక్కువ చేపతో మొదలుపెట్టండి. నెల్లూరు పులుసులో ఇబ్బంది చింతపండుది కాదు, మామిడికాయది కాదు, పైన తేలే నూనెది. మర్నాడు తింటేనే రుచి అంటాం కదా, ఆ నిలవ ఉంచిన పులుసు ఫ్రిజ్‌లో పెడితే నూనె పైకి తేరుకుంటుంది. గరిటెతో తీసేసి వేడి చేసుకోండి. రుచి పోదు. రొయ్యల వేపుడు, చేపల వేపుడు మాత్రం నెల తర్వాతే. కారం వల్ల కడుపులో మంట ఉంటే తగ్గించండి, పిత్తాశయం లేకపోవడానికి కారానికి సంబంధం లేదు. కారం దోసె మూడో వారంలో ఇంట్లో పెనం మీద ఒక టీస్పూన్ నూనెతో వేసుకుని చూడండి. హోటల్ దోసె ఆ తర్వాత.

నాలుగో వారం నుంచి ఒక పద్ధతి పాటించండి. కొత్తగా కొవ్వున్న వంటకం ఏదైనా ఒక్కటే, కొద్దిగా తినండి. రెండు మూడు రోజులు ఏ ఇబ్బందీ లేకపోతేనే ఇంకొకటి. ఒకే పెళ్లి భోజనంలో బిర్యానీ, మలై కాజా, ఐస్‌క్రీం అన్నీ తిని పొట్ట చెడితే దేనివల్లో ఎలా తెలుస్తుంది? నెయ్యి కారే మైసూర్‌పాక్ లాంటివి చివరికి ఉంచుకోండి, చిన్న ముక్కతో. ఎక్కువమంది ఒకటి రెండు నెలల్లో మామూలు తిండికి వచ్చేస్తారు. లివర్ టానిక్‌లు కొనొద్దు.

ప్రశ్న: ఆపరేషన్ అయి రెండు నెలలైంది. పొద్దున టిఫిన్ తినగానే నీళ్ల విరేచనాలు, రోజుకు నాలుగైదు. బస్సెక్కాలంటే భయం.
– ఒక ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: రాత్రంతా పేగులో చేరిన పైత్యరసం టిఫిన్‌తో పెద్దపేగులోకి వచ్చి, అక్కడ నీరు ఊరేలా చేస్తోంది. కొంతమందికి ఇలా అవుతుంది, ఎక్కువమందికి కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. పొద్దున పూరీ, నెయ్యి దోసె, కాఫీ ఆపి చూడండి. ఇసబ్‌గోల్ ఒక టీస్పూన్ గ్లాసు నీళ్లతో రోజుకు రెండుసార్లు తీసుకోండి. అది మలబద్ధకానికే కాదు, నీళ్ల విరేచనం గట్టిపడటానికీ పనికొస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ కారణం కావచ్చు.

రెండు మూడు వారాల్లో తగ్గకపోతే కొలెస్టిరమిన్ పొడి గురించి డాక్టర్‌ను అడగండి. పేగులో పైత్య లవణాలను పట్టి ఉంచుతుంది, చాలామందికి కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. అయితే అది పక్కనున్న మాత్రలను కూడా పట్టేసుకుంటుంది. థైరాయిడ్, బీపీ మాత్రలు దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. రక్తం పడినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా ఇది వేరే జబ్బు, పరీక్షలు కావాలి.

ప్రశ్న: గ్రానైట్ ఫ్యాక్టరీలో పని. ఎన్నాళ్లకు చేరొచ్చు? బండి ఎప్పుడు నడపాలి?
– ఒక కార్మికుడు, చీమకుర్తి

జవాబు: కూర్చుని చేసే పనైతే వారం, పది రోజులు. బరువులెత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు, పొట్ట కోసి చేసి ఉంటే రెండు నెలలు. మొదటి రెండు మూడు వారాలు ఐదు కిలోలు మించి ఎత్తొద్దు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది, మినరల్ వాటర్ క్యాన్ 20 కిలోలు, కాబట్టి ఇది ఇంట్లో ఆడవాళ్లకూ వర్తిస్తుంది. తొందరపడితే బొడ్డు గాటు దగ్గర లోపలి పొర విడిపోయి హెర్నియా వస్తుంది, అప్పుడు ఇంకో ఆపరేషన్. మలబద్ధకంతో ముక్కినా అంతే ఒత్తిడి పడుతుంది. బండి పది రోజుల తర్వాత, మత్తు కలిగించే నొప్పి మందులు ఆపాక, గట్టిగా బ్రేకు తొక్కినా పొట్ట లాగకుండా ఉంటేనే. కిక్ కొట్టే బండి అయితే ఇంకో రెండు వారాలు వేరేవాళ్ల చేత కొట్టించుకోండి. మేనేజర్‌కు చూపించడానికి డిశ్చార్జి కాగితం మీద ఎన్ని వారాల విశ్రాంతో రాయించుకోండి.

ప్రశ్న: సంచి తీసి ఏడాదిన్నర అయింది. అదే నొప్పి మళ్లీ వచ్చింది. సంచే లేనప్పుడు రాయి ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: నాళంలో ఉండొచ్చమ్మా. ఆపరేషన్‌కు ముందే జారిపోయిన చిన్న రాయి అక్కడే ఉండి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు, లేదా నాళంలోనే కొత్తగా ఏర్పడి ఉండవచ్చు. నొప్పి ఉన్నప్పుడే, లేదా మర్నాడే లివర్ ఫంక్షన్ టెస్టు చేయించండి. వారం తర్వాత చేయిస్తే మామూలుగా వచ్చి మోసపుచ్చుతుంది. స్కాన్‌లో సీబీడీ కొద్దిగా వెడల్పుగా ఉన్నంత మాత్రాన కంగారు పడొద్దు, సంచి తీసినవాళ్లలో అది మామూలే. టెస్టు, స్కాన్ రెండింట్లో తేడా ఉంటే ఎంఆర్‌సీపీ, అందులో రాయి కనిపిస్తే ఈఆర్‌సీపీతో తీసేస్తారు, మళ్లీ పొట్ట కోయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఏమీ కనిపించకపోతే కడుపులో పుండు, గుండె, క్లోమగ్రంథి వైపు చూడాలి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు మూడూ తీసుకెళ్లండి. సంచి పూర్తిగా తీశారా, కొంత భాగం వదిలారా అన్నది ఆపరేషన్ నోట్స్‌లోనే ఉంటుంది. అవి మీ దగ్గర లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఐపీ నంబరు (చేరినప్పుడు ఇచ్చే నంబరు) చెప్పి నకలు అడగండి.